మన పేరు మీద పోయిన ప్రాణం

వ్యాసభారతం సభాపర్వంలో, మయసభలో ధర్మరాజు తమ్ముళ్లతో కొలువుతీరి ఉండగా నారదుడు వస్తాడు. కుశలం అడిగే వంకతో పాలన మొత్తాన్నీ ఆరా తీస్తాడు. చెరువులు నిండుగా ఉన్నాయా? రైతుకు విత్తనాలు అందుతున్నాయా? సైన్యానికి జీతాలు వేళకు ఇస్తున్నావా? ఆ వరసలోనే ఇంకో ప్రశ్న వేస్తాడు. నీ కోసం ప్రాణాలు విడిచినవాళ్ల భార్యల్ని, నీ కోసం కష్టాలపాలైనవాళ్లని పోషిస్తున్నావా?

ఆ ప్రశ్న చుట్టూ వీరస్వర్గం మాట లేదు, పొగడ్త లేదు. చెరువుల గురించి అడిగిన గొంతుతోనే దీన్నీ అడిగాడు. అప్పటికి కురుక్షేత్రం ఊసే లేదు. రాజ్యం చల్లగా ఉంది, సభ కొత్తగా మెరుస్తోంది. యుద్ధం ముంగిట్లోకి వచ్చాక గుర్తొచ్చే బాధ్యత కాదిది, అంతా బాగున్న రోజుల్లో లెక్క చెప్పాల్సిన బాధ్యత అని ఆ సందర్భమే చెబుతోంది. 'నీ కోసం' అనడంలో ఇంకా బరువుంది. చనిపోయినవాడు దేశం అనే ఒక పెద్ద భావన కోసం పోయాడని నారదుడు అనలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి కోసం పోయాడన్నాడు. ఇప్పుడు రాజు లేడు. సైన్యాన్ని పంపే అధికారం మనం ఓటు వేసి నిలబెట్టిన ప్రభుత్వానిది. కాబట్టి ఆ ప్రశ్న ఇప్పుడు మనల్ని అడుగుతోంది. మనం ఏం జవాబు చెబుతున్నాం?

మన జవాబుల్లో అందరికీ తెలిసినది డిసెంబర్ 7, సాయుధ దళాల పతాక దినోత్సవం. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకు, 1949లో, రక్షణ మంత్రి ఆధ్వర్యంలోని కమిటీ ఈ రోజును ఖాయం చేసింది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండాను చొక్కాకు గుండుసూదితో గుచ్చి, విరాళం తీసుకుంటారు. బడిపిల్లలు, ఎన్‌సీసీ క్యాడెట్లు డబ్బాలు పట్టుకుని తిరుగుతారు. ఆ మూడు రంగులు సైన్యానికి, నౌకాదళానికి, వాయుసేనకు గుర్తులు. అప్పటికి విడివిడిగా ఉన్న సంక్షేమ నిధుల్ని 1993లో కలిపి పతాక దినోత్సవ నిధిని ఏర్పాటు చేశారు. పింఛను లేని ముసలి సైనికులకు, వితంతువులకు, పిల్లల చదువులకు, ఆడపిల్లల పెళ్లిళ్లకు అందులోంచి సాయం వెళుతుంది.

చిన్నతనంలో ఆ జెండా గుచ్చుకుని తిరగడం మనలో చాలామందికి గర్వం. ఆ గర్వాన్ని తక్కువ చేయను. కానీ పెద్దయ్యాక ఆ జెండా నన్ను కొంచెం ఇబ్బంది పెడుతోంది. డబ్బాలో పది రూపాయలు వేసి జెండా తగిలించుకున్న క్షణంలో ఒక లెక్క తీరిపోయినట్టు అనిపిస్తుంది. తీరేది సైనికుడి లెక్కా, నా మనసులోని బరువా? దానం ఇచ్చినవాడికి దానం ఒక తేలికనిస్తుంది. ఆ తేలిక కోసమే ఇస్తున్నామా అని ప్రతి దాతా తనను తాను అడగాలి. ఎందుకంటే ఆ డబ్బు అందుకునే మనిషికి మన తేలికతో పని లేదు. ఆ మనిషి అవసరం డిసెంబర్ 8న కూడా ఉంటుంది.

ఒక జిల్లా కేంద్రంలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక పెద్దావిడను చూశాను. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆయన తొమ్మిదేళ్లు పనిచేసి ఇంటికొచ్చేశాడు. జవానుకు సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్లుండాలి. అందుకని ఆయనకూ పింఛను లేదు, ఆయన తర్వాత ఆమెకూ లేదు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో అంచులు చివికిన డిశ్చార్జి బుక్కు. సీట్లో ఉన్నాయన కూడా మాజీ హవల్దారే. బుక్కులో ఉన్న ఆమె పేరునూ ఆధార్ కార్డులోని పేరునూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇందులో ఒక పేరు, అందులో ఒక పేరు ఉందమ్మా, రెండూ మీరేనని రుజువు కావాలి" అన్నాడు. ఒకటి ఇంట్లో పిలిచే పేరు, ఇంకొకటి ఆధార్ కార్డులో ఎక్కిన పేరు. "ఆయనుంటే చెప్పేవాడు బాబూ, ఏ పేరు రాయించాడో" అందామె. హవల్దారు కుర్చీ దగ్గరగా జరుపుకుని, అఫిడవిట్‌కి ఏం కావాలో, ఎవరి సంతకం పెట్టించాలో తెల్లకాగితం మీద వరసగా రాసిచ్చాడు. లేవబోతూ ఆమె అడిగింది: "బాబూ, ఆయన యూనిఫారంలో ఉన్న ఫొటో మీ దగ్గరేమన్నా ఉంటుందా?" తన దగ్గర ఒక్కటీ లేదట.

సాయాన్నీ స్మరణనూ వేర్వేరు పనులుగా చూడటం తప్పని నాకు అప్పుడు అర్థమైంది. సాయం ఆఫీసులది, స్మరణ వేదికలదని మనం పంచేసుకున్నాం. ఆమెకు మాత్రం అవి రెండూ ఒకే సంచిలో ఉన్నాయి. నెలకు ఇన్ని రూపాయలు రావడం ఎంత ముఖ్యమో, తన భర్త ఒకప్పుడు యూనిఫారం వేసుకున్న మనిషని ఎవరో ఒకరు ఒప్పుకోవడమూ అంతే ముఖ్యం. అరవై అయిదు దాటి, పింఛను లేని మాజీ సైనికులకు, వితంతువులకు పతాక నిధి నుంచి ఇచ్చే నిరుపేద గ్రాంటు చాలాకాలం నెలకు 4,000 రూపాయలు. 2025 నవంబర్ నుంచి దాన్ని 8,000 చేశారు. ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి నెలకు 1,000గా ఉన్న చదువు సాయాన్ని 2,000 చేశారు. మంచి మార్పే. కానీ ఆ ముసలి చేతులు ఆ సాయందాకా చేరాలంటే పేర్లు కలవాలి, తేదీలు కలవాలి, పెళ్లి సంగతి రెజిమెంటు రికార్డుల్లో పార్ట్ టూ ఆర్డరుగా ఎక్కి ఉండాలి. ఆ దారిలో చేయి పట్టుకుని నడిపించే మనిషి ఒక్కరుంటే అది ఏ విరాళానికీ తీసిపోదు. ఊళ్లో చదువుకున్న కుర్రాడెవరైనా చేయగల సేవ అది. దానికి వేదిక అక్కర్లేదు, ఒక పూట సెలవు చాలు.

ఇక చావుకు వెల కట్టే సంగతి. రాయడానికి మనసొప్పదు గానీ రాయక తప్పదు. విధి నిర్వహణలో ప్రమాదంలో పోతే కేంద్రం ఇచ్చే పరిహారం 25 లక్షలు. సరిహద్దు ఘర్షణలోనో, నిర్దేశించిన అతి ఎత్తైన మంచు ప్రాంతంలోనో పోతే 35 లక్షలు. యుద్ధంలో శత్రువు చేతిలో పోతే 45 లక్షలు. కుటుంబ పింఛనూ అంతే. మామూలు మరణమైతే చివరి జీతంలో 30 శాతం, సర్వీసు కారణంగా పోతే 60 శాతం, పోరులో పోతే నూటికి నూరు. పరిపాలనకు ఏదో ఒక కొలబద్ద కావాలి, నిజమే. పోరులో చూపిన తెగువకు ప్రత్యేక గౌరవం ఉండటమూ న్యాయమే. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. లోయలోకి జారిన ట్రక్కులో పోయినవాడి కొడుకుకి నాన్న లేకపోవడంలో తేడా ఏముంది? ఆకలికీ, ఫీజులకీ, రాత్రిపూట భయానికీ మరణ కారణంతో సంబంధం లేదు. గౌరవాన్ని తెగువను బట్టి, ఆసరాను అవసరాన్ని బట్టి ఇవ్వడం న్యాయమని నాకనిపిస్తుంది. రెండింటినీ ఒకే తక్కెడలో వేయడం వల్లే చిక్కు వస్తోంది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు, మరో 19 మంది సైనికులు ప్రాణాలు విడిచారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. వేరే రాష్ట్రాలకు చెందిన మిగతా 19 కుటుంబాలకు కూడా తలా 10 లక్షలు ప్రకటించింది. తన పొలిమేర దాటి చేయి చాచడం గొప్ప సంగతి, మరవకూడదు. 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర మురళీ నాయక్ నేలకొరిగినప్పుడు గోరంట్ల మండలంలోని కల్లి తండా పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల పొలం, ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. మురళి అగ్నివీరుడు. అగ్నివీరుల పథకంలో నాలుగేళ్ల కొలువు, చనిపోతే బీమా, పరిహారం ఉన్నాయి. మిగతా జవాన్ల కుటుంబాలకు నెలనెలా వచ్చే కుటుంబ పింఛను మాత్రం లేదు.

ఈ రెండు కుటుంబాలకు అందింది ఎక్కువని అనే హక్కు ఎవరికీ లేదు. నా దిగులు వేరే. దేశమంతా టీవీల ముందు కూర్చున్న వారంలో పోయిన ప్రాణానికి దక్కే ఆసరా, ఎవరూ చూడని వారంలో పోయిన ప్రాణానికి దక్కుతోందా? మన కంట్లో నీళ్లున్నంతసేపే తెరుచుకునే గుప్పిలి అయితే దాన్ని కృతజ్ఞత అనగలమా? నిలకడగా ఉండే చట్టం కావాలి. ఒక్కసారిగా పొంగే ఉదారత దానికి తోడు కావచ్చు, దాని బదులు కాలేదు. అందుకే, ప్రభుత్వం చేయాల్సింది చేస్తే దానాలతో పనేముంది అనే వాదనలో నాకు సగం నిజమే కనిపిస్తుంది. పింఛను హక్కు, దాన్ని దయగా మార్చకూడదు. కానీ హక్కు తీర్చలేనిది కూడా ఉంది. పక్కింటివాళ్ల పలకరింపును ఏ జీవోతోనూ ఇప్పించలేం.

సాయం చేసే చేయి కొన్నిసార్లు షరతు కూడా పెడుతుంది. శౌర్య పతకం పొందిన సైనికుడి భార్యకు నెలనెలా వచ్చే గౌరవ భత్యం ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. చనిపోయిన భర్త తమ్ముణ్నో అన్ననో చేసుకుంటే మాత్రం కొనసాగేది. 2017 నవంబర్‌లో ఆ షరతు తీసేశారు. అప్పటిదాకా మనం ఆమెను ఎలా చూశామో ఆ ఒక్క నిబంధనే చెబుతుంది. ఆమె ఒక జ్ఞాపకానికి కాపలాదారు, ఆ ఇంటి సొత్తు. పాతికేళ్ల వయసులో ఒంటరైన మనిషికి మళ్లీ నవ్వే హక్కుందని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. స్మరణ పేరుతో బతికున్నవాళ్లను రాతిలో బిగించడం కంటే పెద్ద అన్యాయం ఉండదు. అమరుడి భార్య అని పిలిచేటప్పుడు ఆమెకూ ఒక పేరు, ఒక చదువు, ముందున్న యాభై ఏళ్ల జీవితం ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

కొందరు నన్ను నిలదీస్తారు. సైనికుడు జీతానికి చేరాడు కదా, మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయే కార్మికుడు మన కోసం పోలేదా, అప్పుల్లో కూరుకుపోయిన రైతు పోలేదా, మరి యూనిఫారానికే ఎందుకీ ప్రత్యేకత అంటారు. తోసిపుచ్చే ప్రశ్న కాదిది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవారకముందే రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లను చూసినవాళ్లకు తెలుసు. ఇంటిని నిలబెట్టాలన్న ఆశ, దేశం మీద ప్రేమ ఆ పరుగులో విడదీయలేనంతగా కలిసే ఉంటాయి. జీతం కోసం వెళ్లాడన్నంత మాత్రాన త్యాగం తగ్గదు. అయితే ఒక తేడా ఉంది. 'వెళ్లు' అంటే చావులోకి కూడా వెళతానని ముందే సంతకం పెట్టినవాడు సైనికుడు. అంతేకాదు, అవసరమైతే మన పేరు మీద ఇంకో మనిషిని చంపే భారాన్ని కూడా అతని భుజాన వేశాం. ఆ భారం తిరిగొచ్చినవాళ్లలోనూ ఉంటుంది, నిద్రలో కలవరింతలుగా, ఇంట్లో ఎవరికీ అర్థంకాని కోపంగా. ఒళ్లు చెక్కుచెదరకుండా వచ్చాడు కదా అని మనం సంతోషిస్తాం. లోపల ఏం చెదిరిందో అడగం. ఇక మ్యాన్‌హోల్ కార్మికుడి మాటకు నా జవాబు ఇదీ: సైనికుడికిచ్చే గౌరవాన్ని తగ్గించి సమం చేయొద్దు, ఆ గౌరవాన్ని కార్మికుడిదాకా పెంచుదాం. మన సుఖానికి ఎవరు ప్రాణం చెల్లిస్తున్నారో చూడటం ఒకసారి అలవాటైతే ఆ చూపు యూనిఫారం దగ్గర ఆగకూడదు.

స్మరణ విషయంలో మన నేలకు పాత అనుభవమే ఉంది. రాయలసీమ ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నింటి మీద కింద పోరు, మధ్యలో అప్సరసలు తీసుకెళుతున్న వీరుడు, పైన శివలింగం ముందు అతను. పక్కనున్న కన్నడ సీమ శాసనాల్లో 'నెత్తరు కొడగి' కనిపిస్తుంది, అంటే పోరులో పోయినవాడి కుటుంబానికిచ్చిన పొలం. రాయి వీరుడికి, పొలం వీరుడి ఇంటికి. పల్నాడులోని కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. వీరుల ఆయుధాలను పూజిస్తారు. కులభేదం లేకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినే చాపకూడు బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడి ఉంది. పన్నెండో శతాబ్దపు దాయాదుల పోరును ఇన్ని వందల ఏళ్లు తలుచుకుంటున్న ఆ ఊరు, ఆ తలపులోకి సహపంక్తి భోజనాన్ని కూడా చేర్చుకుంది. పోయినవాళ్లను తలుచుకోవడమంటే బతికున్నవాళ్ల మధ్య ఏదైనా మెరుగుపడటం అని నేను దాన్ని అర్థం చేసుకుంటాను.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని ఊరు లెక్క చెబుతుంది. వాళ్లు ఎవరి యుద్ధం చేశారు? మనల్ని ఏలుతున్నవాళ్ల యుద్ధం. మొదటి యుద్ధంలో దాదాపు 74,000 మంది భారతీయ సైనికులు చనిపోయారు. 1931లో ఆవిష్కరించిన ఇండియా గేట్ మీద 13,000కు పైగా పేర్లున్నాయి. స్వతంత్ర భారత సైనికుల కోసం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ప్రారంభం నాటికి చెక్కిన పేర్లు 25,942. సామ్రాజ్యం కోసం పోయారు కాబట్టి పాత పేర్లు మనవి కావని అనేద్దామా? నాకు నోరు రాదు. ఆ యుద్ధం న్యాయమైనదా అన్న ప్రశ్న పంపినవాళ్లది. వెళ్లినవాడు మాత్రం ఎవరో తల్లి కన్న బిడ్డ. యుద్ధాన్ని ఖండిస్తూనే యోధుడి కోసం ఏడవగలగాలి. ఆ రెండూ కలిసి ఇమిడే చోటు మన మనసులో లేకపోతే స్మారకాలు రేపటి యుద్ధానికి ప్రకటనలుగా మారిపోతాయి.

ఆ చోటులో ఎదుటివైపువాళ్లకూ జాగా ఉందా? కార్గిల్‌లో తమవాళ్ల శవాలను పాకిస్తాన్ తమవని ఒప్పుకోనప్పుడు, మన సైనికులే ఆ కొండల మీద ఇస్లాం పద్ధతిలో వాళ్లను ఖననం చేశారు. టైగర్ హిల్ మీద పోరాడి పోయిన కర్నల్ షేర్ ఖాన్ అనే పాకిస్తానీ కెప్టెన్ ధైర్యాన్ని గుర్తించి, అతని జేబులో ఆ సంగతి రాసిన చీటీ పెట్టి మరీ దేహాన్ని పంపింది మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా. తర్వాత అతనికి వాళ్ల దేశపు అత్యున్నత శౌర్య పతకం దక్కింది. 1971 డిసెంబర్‌లో విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో తొంభై మందికి పైగా నావికులున్నారు. బీచ్ రోడ్డులో మన విజయ స్మారకం ముందు నిలబడి సముద్రం వైపు చూసే ఎవరికైనా, ఆ నీళ్ల కింద కూడా కొందరు తల్లుల బిడ్డలున్నారన్న ఎరుక ఉంటే మన గెలుపు చిన్నబోదు. భారతం స్త్రీపర్వంలో ధర్మరాజు, అయినవాళ్లు ఎవరూ లేని శవాలతో సహా, రెండు పక్షాలవాళ్లకూ దహనం చేయించాడు. తర్పణాలు వదిలే వేళ కుంతి నోరు విప్పింది, కర్ణుడు మీ అన్న అని. శత్రువనుకున్నవాడు తోడబుట్టినవాడని అన్నీ అయిపోయాక తెలిసింది. ప్రతి యుద్ధంలోనూ ఆ నిజం అలా ఆలస్యంగానే తెలుస్తుందా?

హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్‌లో చనిపోయాడు. వయసు ముప్పై. మహావీర చక్ర వచ్చింది. పోవడానికి కొన్ని రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకొక భారత కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. కూతురు ఆయన పోయాక పుట్టింది. పతకం ఆయన పోరాటం గురించి చెబుతుంది. ఆయన ఎలాంటి మనిషో ఆ ఉత్తరం చెబుతుంది. స్మారకంలో పేరు చెక్కేటప్పుడు ర్యాంకు, రెజిమెంటు రాస్తారు. ఆ మనిషికి ఏది ఇష్టమో, ఏ పాట కూనిరాగం తీసేవాడో, ఎవరితో అలిగేవాడో రాయరు. అవి ఊరి నోట్లో బతకాలి. బడిలో జయంతులు, వర్ధంతులు జరిపేటప్పుడు పిల్లలకు ముందు ఆ సంగతులు చెప్పాలి. అతను ఇలాంటి మనిషి అని తెలిస్తేనే పోయింది ఎంతో వాళ్లకు తెలుస్తుంది.

మన పెద్దలు మనిషి దేవ, ఋషి, పితృ ఋణాలతోనే పుడతాడన్నారు. ఋషి ఋణాన్ని ఋషికి డబ్బిచ్చి తీర్చలేం, చదువుకుని తీరుస్తాం. పితృ ఋణాన్ని తండ్రికి చెల్లించడం కుదరదు, పిల్లల్ని కని పెంచి తీరుస్తాం. అప్పు ఇచ్చినవాడి చేతికి తిరిగి అందదు, మన బతుకు తీరులోనే చెల్లుతుంది. సైనికుడికి పడ్డ ఋణమూ అలాంటిదే. పరిహారం అతని ఇంటికి అందాలి, పూర్తిగా, వేళకు, అడుక్కోవాల్సిన అవసరం లేకుండా. దానితో మన వాటా అయిపోదు. అతని తల్లి ఇంటి ముందు నుంచి వెళుతూ ఆగి పలకరించాలి. ఊళ్లోని మాజీ సైనికుడి డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో అడగాలి. తిరిగొచ్చినవాడు మాట్లాడాలనుకున్నప్పుడు వినాలి, మాట్లాడకపోతే గుచ్చి గుచ్చి అడక్కూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, యుద్ధం కావాలని కేకలు వేసేటప్పుడు ఎవరి ఇంటి బిడ్డను పంపమంటున్నామో ఒక్కసారి ఆలోచించాలి. ఆ బిడ్డ మన ఇంట్లోంచి వెళ్లాల్సివస్తే కూడా అదే మాట అంటామా అని నిజాయితీగా మనల్ని మనం అడగాలి. ఔనని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలిగిన యుద్ధాలు చాలా కొద్ది. ఆ కొద్దింటికి తప్ప ఎవరినీ పంపని సమాజమే, పంపినవాళ్లను గౌరవించానని చెప్పుకోవడానికి అర్హమైనది.